గడ్డినూనె నివేదిక

నేను ఇప్పటిదాకా రాసిన కాగితాల్లో తప్పు పట్టలేనిది ఒక్కటే ఉంది. నాలుగు పేజీలు. ఒక నూనె రంగు, సాంద్రత, అందులో కాంతి ఎంత వంగుతుంది, ఏ పదార్థం ఎన్ని పాళ్లు ఉంది, ఆ సంగతి నేను ఎట్లా చెప్పగలుగుతున్నాను అన్న వివరం. చివర నా సంతకం, కాలేజీ ముద్ర. ఇవాళ ఎవరైనా దాన్ని బయటికి తీసి మళ్లీ పరీక్షించినా ఒక్క అంకె మార్చనక్కర్లేదు. ఆ కాగితం వల్ల ఒక ముసలాయన కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది.

మాది సిరిసిల్ల. మా నాయిన చేమగ్గం మీద చీరలు నేసేవాడు. కరెంటు మగ్గాలు వచ్చాక తన మగ్గాన్ని విప్పి, కట్టెలు అటక మీద పెట్టి, ఇంకొకరి సాంచాల దగ్గర కూలీకి కుదిరాడు. కరెంటు మగ్గాన్ని మా ఊళ్లో సాంచ అంటారు. ఆ ఇంట్లోంచి నేను రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఎనభైల చివర్లో కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. అక్కడ ఆడ లెక్చరర్‌ను నేనొక్కదాన్నే. స్టాఫ్ రూములో నా కుర్చీ తలుపు వెనక ఉండేది. ఎవరైనా తలుపు తీస్తే నేను కాళ్లు ముడుచుకోవాలి. ప్రిన్సిపాల్ నన్ను ఏదైనా అడిగాడంటే అది ఈ నెల ఎన్ని గాజు గొట్టాలు పగిలాయన్న సంగతే. తర్వాత నేను చేసిన పనికి ఇవన్నీ కారణమని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కొంతవరకు నిజమే కావచ్చు.

ఉద్యోగం చేస్తూనే హైదరాబాద్‌లో ఎం.ఫిల్.కి నమోదు చేసుకున్నాను. మా గైడు మొక్కల సుగంధ తైలాల మీద పనిచేసేవాడు. "మీ వైపు పసుపు పండుతుంది కదా, పసుపు నూనె మీద చెయ్యి" అన్నాడు. ఒక ఊరి నూనెను ఇంకో ఊరి నూనెతో పోల్చి, ఏ మట్టిలో పండినదానికి కూర్పు ఎట్లా మారుతుందో చూడాలి. పసుపైతే కోరుట్ల, మెట్‌పల్లి చుట్టూ ఎక్కడ చూసినా ఉంది. కానీ దాన్ని బట్టీ పెట్టి నూనె తీసేవాళ్లెవరూ నాకు దొరకలేదు. నేను అద్దెకున్న ఇంటావిడ బీడీలు చుట్టేది. ఒకరోజు ఆమె మెడకు ఏదో రాసుకుంటుంటే ఆ వాసన నాకు తగిలింది. నిమ్మగడ్డి వాసన, దాని కింద పచ్చి పసుపు వాసన. ఎక్కడిదని అడిగాను.

"అంగట్ల ఒక ముసలాయన అమ్ముతడు. నొప్పులకు మంచిగుంటది. బీడీలు చేసేటోళ్లమంతా గిదే రాసుకుంటం," అన్నది.

ఆ ముసలాయన ఊరు కోరుట్ల నుంచి కథలాపూర్ మీదుగా సిరిసిల్ల పోయే దారిలోనే, రోడ్డుకు కొంచెం లోపలికి ఉంది. శనివారం ఇంటికి పోతూ మధ్యలో దిగాను. ఇంటి వెనక పాక కింద రాళ్ల పొయ్యి, దాని మీద మసిపట్టిన రాగి డేగిశ, మూతకు మట్టి మెత్తి, అందులోంచి ఒక గొట్టం నీళ్ల తొట్టిలోకి పోతోంది. తొట్టి అవతల ఒక సీసాలోకి నీళ్లూ నూనే కలిసి చుక్కచుక్కగా పడుతున్నాయి. కాలేజీలో నేను గాజుతో చేసే పనిని ఆయన రాగితో చేస్తున్నాడు. అంతే తేడా.

పడుచుతనంలో నిజామాబాద్ వైపు అడవిలో గడ్డినూనె బట్టీల దగ్గర పనిచేసి నేర్చుకున్నాడట. పసుపు పండని గట్టునేలలో నిమ్మగడ్డి వేసుకున్నాడు. పసుపు తవ్వకాలప్పుడు రైతులు పారేసే విరిగిన కొమ్ములు, గడ్డల తుక్కు ఏరుకొచ్చి ఆ గడ్డితో కలిపి ఒకే డేగిశలో వండేవాడు. అట్లా కలిపి తీసేవాళ్లు ఆయన తప్ప ఎవరూ లేరు. ఎందుకని అడిగితే, "గడ్డి మంట పుట్టిస్తది, పసుపు వాపు గుంజుతది. రెండూ ఉండాలె," అన్నాడు.

నేను సంచిలోంచి నోటుపుస్తకం తీసి రాసుకుంటుంటే ఆయనకు నవ్వొచ్చింది.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"నూనెల ఏమేమున్నయో చూసే సదువు బాపూ."

"గది ముక్కుకు తెల్వదా? మిషిని ఎందుకు?"

ముక్కుకు తెలుస్తుంది, కానీ ముక్కు సంతకం చెయ్యలేదు అన్నాను. ఆయన భార్యను పిలిచి ఆ మాట మళ్లీ చెప్పించాడు. ఆమె నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. అప్పటినుంచి రెండేళ్లు, దాదాపు ప్రతి శనివారం నేను అక్కడ దిగేదాన్ని. ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు.

ఆయనకు నేను కొన్ని పరీక్షలు నేర్పాను. మెట్‌పల్లి నుంచి వచ్చే ఒక వ్యాపారి గడ్డినూనెలో కిరసనాయిలు కలిపి అమ్ముతున్నాడని ఆయన అనుమానం. నీళ్లు కలపని స్పిరిట్‌లో నాలుగు చుక్కలు వెయ్యి, మంచి నూనె కలిసిపోతుంది, కిరసనాయిలు ఉంటే పాలలా తెల్లబడుతుంది అని చేసి చూపించాను. ఆయన ఆ వ్యాపారి ఎదుటే చేసి చూపించాడట. ఆ తర్వాత అంగట్లో ఆయన మాటకు విలువ పెరిగింది. "నా బిడ్డ నేర్పింది," అని అందరికీ చెప్పేవాడు.

హైదరాబాద్‌లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం ఉండేది. సన్నని సూదితో ఒక చిన్న బొట్టు నూనెను అందులోకి ఎక్కిస్తే, అది వేడికి ఆవిరై చాలా పొడవైన గొట్టంలోంచి ప్రయాణం చేస్తుంది. నూనెలో ఉన్న ఒక్కో పదార్థం తనకు పట్టే సమయం తీసుకుని విడివిడిగా బయటికి వస్తుంది. వచ్చినప్పుడల్లా కాగితం మీద కలం లేచి పడుతుంది. ఏ నిమిషానికి లేచింది అన్నదాన్ని బట్టి అదేమిటో, గీసిన శిఖరం కింద ఎంత చోటుందో దాన్ని బట్టి అదెంతో చెబుతాం. నిమ్మగడ్డిలోని సిట్రాల్ రెండు జంట శిఖరాలుగా ముందు వస్తుంది. పసుపులోని టర్మరోన్లు బరువైనవి, చాలా ఆలస్యంగా వస్తాయి. ముసలాయన నూనెలో ముందొక గుంపు, వెనకొక గుంపు, మధ్యలో చదునైన ఖాళీ. అట్లాంటి బొమ్మ నేను ఇంకే నూనెలోనూ చూడలేదు. నా నమూనాల జాబితాలో అది ఏడోది.

ఆ బొమ్మ నకలు ఒకటి ఆయనకు ఇచ్చాను. ఇది మీ నూనే అని చెబితే చాలాసేపు చూసి, అన్నం ముద్దతో గోడకు అంటించుకున్నాడు.

ఆ రోజులు ఎట్లాంటివో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కోరుట్ల నుంచి సిరిసిల్ల చేరేలోపు బస్సు రెండుచోట్ల ఆగేది. అందరం దిగి సంచులు విప్పి చూపాలి. ఎర్ర మందారం రంగు చీర కట్టుకున్నందుకు ఒకామెను పావుగంట నిలబెట్టడం నేను చూశాను. ఊళ్లలో అడవిలోని నక్సలైట్ అన్నల గురించిగానీ పోలీసుల గురించిగానీ ఎవరూ పేరు పెట్టి మాట్లాడేవాళ్లు కాదు. "ఆళ్లు" అంటే ఒకరు, "ఈళ్లు" అంటే ఇంకొకరు. ఎవరు ఎవరో గొంతును బట్టి తెలిసేది. తెలియనట్టు ఉండటమే అందరికీ తెలిసిన విద్య.

ఒక ఉదయం రెండో పీరియడ్ నడుస్తుంటే ప్రిన్సిపాల్ స్వయంగా ప్రయోగశాలకు వచ్చాడు. ఆయన వెనక ఒక ఎస్.ఐ. ఆయన మాట మా వైపుది కాదు, మర్యాదగా మాట్లాడేవాడు. జగిత్యాల దారిలో అప్పట్లో ఒక పోలీసు క్యాంపు ఉండేది, అక్కడివాడు. రుమాలులోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అడవిలో ఎవరో ఖాళీచేసి పోయిన స్థావరంలో దొరికిందట. సగానికి పైగా పచ్చని నూనె ఉంది.

"పెద్ద ల్యాబుకి పంపితే నెలలు పడుతుంది మేడమ్. ఇదేమన్నా ప్రమాదకరమైనదా, పేలేదా, అది తెలిస్తే చాలు. నూనెల మీద మీరు బాగా చదువుకున్నారని మీ సారు చెప్పారు."

ప్రిన్సిపాల్ నా గురించి ఎవరికైనా ఏదైనా చెప్పడం అదే మొదటిసారి. మూత తీశాను. మొదటి ఊపిరిలోనే అది ఎవరి నూనెనో నాకు తెలిసిపోయింది. ఈ ఒక్క మాట రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

మధ్యాహ్నం రమ్మని, పరీక్షలు మొదలుపెట్టాను. పొడుగు మెడ ఉన్న గాజుసీసాలో కొలిచి నూనె పోసి, సోడియం బైసల్ఫైటు ద్రావణం కలిపి, వేడినీళ్లలో ఉంచి మాటిమాటికీ కుదపాలి. సిట్రాల్ ఆ ద్రావణంలోకి దిగిపోతుంది. దిగనిది పైకి తేలి, మెడ మీది గీతల మధ్య నిలుస్తుంది. మామూలు నిమ్మగడ్డి నూనెలో పావువంతు మిగులుతుంది. ఇందులో సగం దాకా మిగిలింది. మిగిలిన సగమేమిటో నాకు తెలుసు. తెలిసినదాన్ని రుజువు చెయ్యాలన్న దురద మాత్రం అప్పుడే పుట్టింది.

ఎస్.ఐ. తిరిగొచ్చినప్పుడు చెప్పాను. "ప్రమాదం లేదు. నిమ్మగడ్డి నూనె. దోమలకు, ఒళ్లునొప్పులకు రాసుకుంటారు."

"అంటే బాంబులకు పనికిరాదన్నమాట."

"రాదు."

ఆయన నవ్వి, థాంక్స్ చెప్పి, టోపీ చేతికి తీసుకున్నాడు. తలుపు దాకా పోయాడు. అక్కడితో అయిపోయేది. నేనే ఆపాను.

"ఇందులో ఇంకోటి కలిసుంది సార్. హైదరాబాద్‌లో యంత్రం మీద చూస్తే అదేమిటో చెప్పగలను. ఎక్కడ తయారైందో కూడా చెప్పొచ్చేమో."

ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నాడు. "అట్లా చెప్పగలరా?" అని అడిగాడు. నా జీవితంలో నా చదువును గురించి ఒకరు అంత శ్రద్ధగా అడిగింది అప్పుడే.

కాలేజీ నాకు మూడు రోజుల సెలవిచ్చింది. హైదరాబాద్‌లో ఆ బొట్టును యంత్రంలోకి ఎక్కించి, కలం ముందు కూర్చున్నాను. జంట శిఖరాలు లేచాయి. తర్వాత ఖాళీ. చాలాసేపటికి వెనక గుంపు లేచింది. నా ట్రంకుపెట్టెలోంచి ఏడో నమూనా కాగితం తెచ్చి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాను. గీత మీద గీత పడింది. నాకు ఒళ్లు పులకరించింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో ముసలాయన మొహం నాకు గుర్తుకు రాలేదు.

అంతటితో ఆగలేదు కూడా. రెండు వేర్వేరు పదార్థాలు ఒకే నిమిషానికి బయటికి వచ్చే అవకాశం ఉంటుంది, కాబట్టి ఒక్క గొట్టం సాక్ష్యాన్నే నమ్మకూడదని మా గైడు చెప్పేవాడు. అందుకని వేరే పూత ఉన్న ఇంకో గొట్టంలో మళ్లీ నడిపించాను. స్వచ్ఛమైన సిట్రాల్ కొద్దిగా కలిపి, ఆ జంట శిఖరాలే పెరిగాయా, పక్కన ఇంకోటి చీలిందా అని చూశాను. టర్మరోన్ల కోసం మాస్ స్పెక్ట్రోమీటర్ మీద గంట సమయం బతిమాలి తీసుకున్నాను. ప్రతి శిఖరాన్నీ రెండుసార్లు అనుమానించాను. ఆ సీసా తెచ్చినవాళ్లను ఒక్కసారి కూడా అనుమానించలేదు.

నివేదిక జగిత్యాలలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని టైపు చేయించాను. "ఈ తైలం కూర్పు మా ఏడో నమూనాతో అన్ని విధాలా సరిపోతుంది" అన్నది చివరి వాక్యం. ఎం.ఫిల్. కాగితాలకు నమూనాల జాబితా జతచెయ్యాలి: సంఖ్య, సేకరించిన ఊరు, ఇచ్చినవారి పేరు. అది లేకపోతే పరీక్షకులు ఒప్పుకోరు. అలవాటు కొద్దీ ఆ జాబితాను ఇక్కడా నాలుగో పేజీగా పెట్టాను.

క్యాంపులో ఎస్.ఐ. నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. మొదటి మూడు పేజీలు గబగబా తిప్పాడు. నాలుగో పేజీలో ఏడో వరస కింద వేలు పెట్టి, కాసేపు అట్లాగే ఉంచాడు. "చాలా బాగా చేశారు మేడమ్," అన్నాడు. తిరిగి వస్తుంటే బస్సు కథలాపూర్ దారి చీలే చోటికి వచ్చింది. దిగి ముసలాయనకు ఒకమాట చెప్పాలనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ప్రాక్టికల్స్ ఉన్నాయి. దిగలేదు.

మూడు రోజుల తర్వాత అవ్వ కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో బట్టసంచి. ఆమె కోరుట్లకు ఒంటరిగా రావడం నేనెప్పుడూ చూడలేదు.

"బిడ్డా, మొన్న పొద్దుగాల జీపుల అచ్చిండ్రు. మీ బాపును పట్కపోయిండ్రు. ఎందుకో చెప్తలేరు. ఊళ్లె ఒక్కడు నా ఎంబడి అస్తలేడు. నువ్వు సదువుకున్నదానివి, పెద్ద సార్లతోని మాట్లాడుతవ్. జర నా ఎంబడి రా."

వెళ్లాను. క్యాంపులో ఎస్.ఐ. నన్ను లోపలికి పిలిచి, మళ్లీ కుర్చీ వేయించాడు. అవ్వ వరండాలోనే నిలబడింది. బల్ల మీద నా నివేదిక ఉంది. దాని పక్కన, మూలలకు ఎండిన అన్నం మెతుకులతో, నేను ముసలాయనకు ఇచ్చిన బొమ్మ ఉంది.

"ఈ మ్యాపు వాళ్ల ఇంట్లో గోడకుంది మేడమ్. ఇవి ఏ గుట్టలు, ఎక్కడ కలుస్తారు అని అడుగుతున్నాం. నూనె, నూనె అంటాడు తప్ప ఇంకోమాట రాదు. ఎవరు గీసిచ్చారో కూడా చెప్పట్లేదు."

ఆ కాగితాన్ని నా వైపు తిప్పుకున్నాను. "అవి గుట్టలు కావు సార్. అది యంత్రం గీసిన గీత. నా రిపోర్టులో రెండో పేజీలో ఉన్నది అదే."

ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "అవును. మరి ఇది వాడి దగ్గరికి ఎట్లా వచ్చింది?"

నేనిచ్చాను అన్న మాట పెదవుల దాకా వచ్చింది. వరండాలో అవ్వ చీరకొంగు కనబడుతోంది. "ల్యాబులో ఇట్లాంటి కాగితాలు చాలా ఉంటాయి సార్. పాతవి పారేస్తుంటాం," అన్నాను. నాకు నాయిన కూలీ కంటే పెద్ద జీతం వస్తోంది, ఉద్యోగం పోతే ఇల్లు గడవదు అని అప్పుడు నేను ఆలోచించలేదు. ఏమీ ఆలోచించలేదు. భయపడ్డాను.

తర్వాత కొంచెం ధైర్యం తెచ్చుకుని అన్నాను. "సార్, ఆయన ఆ నూనెను ప్రతివారం కోరుట్ల అంగట్లో బహిరంగంగా అమ్ముతాడు. ఎవరైనా కొనొచ్చు. నేను అద్దెకున్న ఇంట్లో కూడా ఒక సీసా ఉంది."

"ఆ సంగతి రిపోర్టులో లేదే," అన్నాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే పేజీలు తిప్పి వెతికాడు.

బయటికి వచ్చాక అవ్వ అడిగింది. "ఏమన్నడు బిడ్డా?"

"ఇడిసిపెడ్తరట అవ్వా. భయపడకు."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఆ ఆదివారం సిరిసిల్లలో ఉన్నాను. కరెంటు పోయి సాంచాలన్నీ ఆగినందువల్ల నాయిన ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ నీళ్లకు పోయినప్పుడు ఆయనకు అంతా చెప్పాను. ఆయన కండెల బుట్ట ముందర పెట్టుకుని చిక్కుపడ్డ దారం విప్పుతూ విన్నాడు.

"గా నూనె ఎవలదని ఆళ్లు నిన్ను అడిగిండ్రా?"

"లేదు నాయినా."

"పేరు రాసియ్యమన్నరా?"

"లేదు."

"మరెందుకు రాసినవ్?"

జాబితా జతచెయ్యడం పద్ధతి అని చెప్పాను. అది నా చెవికే ఎట్లాగో వినిపించింది. నాయిన తల ఊపలేదు, కోప్పడలేదు. "నేను నేసిన చీర ఎవలు కట్టుకున్నరో నాకెన్నడు ఎరుకలేదు," అన్నాడు, "గదే మంచిగయింది." మళ్లీ దారం విప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఆ సంగతి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. నా చదువు గురించి నలుగురిలో చెప్పుకోవడం కూడా మానేశాడు.

పదకొండు రోజులకు ముసలాయనను వదిలిపెట్టారు. వారం ఆగి వెళ్లాను. పాక కింద రాళ్ల పొయ్యి ఉంది, డేగిశ లేదు. పోలీసులు గడ్డపారతో పొడిచి, రాగి తీసుకుపోయారట. ఆయన నులకమంచం మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఉబ్బి, వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. జగిత్యాలలో కట్టు కట్టించారు, కానీ వేళ్లు తిరిగి రావని డాక్టరు చెప్పాడట.

నన్ను చూసి భార్యను చాయ్ పెట్టమని లోపలికి పంపాడు. ఆమె పోయేదాకా ఆగాడు.

"గా సారు చెప్పిండు బిడ్డా. నువ్వే పట్టినవట."

నేను నిలబడే ఉన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "మిషిని పట్టింది బాపూ."

"మిషినికి నా ఊరు ఎరుకనా?"

ఆయన గొంతు పెంచలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

"ఎవలకు అమ్మినవ్ అని ఒక్కటే అడుగుడు. మొగోళ్లు కొంటరు, ఆడోళ్లు కొంటరు. అంగట్ల ఎవల మొకం యాదికుంటది? పేర్లు చెప్తె ఇడుస్తం అన్నరు. ఎవల పేరు చెప్పాలె? బీడీలు చేసేటోళ్లవి చెప్పాల్నా?"

"నా పేరు చెప్పాల్సింది బాపూ. గా కాగితం నేనే ఇచ్చిన్నని."

"చెప్తె ఏమైతుండె? ఇద్దర్ని కొడుతుండిరి."

లోపల గిన్నె చప్పుడైంది. ఆయన మాట తగ్గించాడు. "అవ్వకు చెప్పకు. నువ్వు ఠాణాకు అచ్చినవని ఊరంత చెప్పుకుంటున్నది. గామెకు గదొక్కటి మిగిలింది."

అవ్వ చాయ్ తెచ్చింది. తాగాను. ఆయన ఎడమచేత్తో కప్పు పట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు, సగం ఒంటి మీద పోసుకున్నాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, ముప్పై ఏళ్ల మనిషి ఒకడు కాలేజీకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అడ్మిషన్ ఫారం. నేను ప్రయోగశాలలో ఒక్కదాన్నే ఉన్నాను. ఫారం గురించి రెండు మాటలు అడిగి, తలుపు వైపు ఒకసారి చూసి, అదే గొంతుతో అన్నాడు.

"నూనె రిపోర్టు మీరే ఇచ్చిండ్రట."

ఎవరి మనిషో అడగనక్కర్లేదు. అవునన్నాను.

"ముసలాయనను అడిగినం. మేడమ్ గడ్డినూనె అని మాత్రమే చెప్పింది, నా పేరు ఆమె చెప్పలే, అంగట్ల ఎవలో పట్టిచ్చిండ్రు అన్నడు. నిజమేనా?"

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. నేను వాటి వైపే చూస్తూ, "నిజమే," అన్నాను.

అతను కాసేపు నా మొహంలోకి చూశాడు. "ముసలాయన అబద్ధం ఆడడు," అని, ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అట్లా నేను బతికి బయటపడ్డాను. ముసలాయన ఒకసారి పోలీసుల ముందు నోరు మూసుకుని, ఇంకోసారి అన్నల ముందు నోరు తెరిచి, రెండుసార్లు నన్ను కాపాడాడు. నేను ఒక్కసారి కూడా ఆయన పక్కన నిలబడలేదు. ఎం.ఫిల్. పట్టా వచ్చింది. ఆ నూనె మీద వ్యాసం అచ్చయింది. ముందు మా గైడు పేరు, తర్వాత నా పేరు. ఏడో నమూనా పక్కన ఈసారి ఊరు లేదు, మనిషి లేడు, "ఉత్తర తెలంగాణ" అని మాత్రం ఉంది. అప్పటికి నాకు జాగ్రత్త వచ్చింది. మరుసటి ఏడాది సర్కారు ఉద్యోగం వచ్చి వేరే జిల్లాకు పోయాను. సిరిసిల్లకు వచ్చినా కరీంనగర్ మీదుగా వచ్చేదాన్ని. కథలాపూర్ దారి దగ్గరదే, అయినా ఆ బస్సు ఎక్కేదాన్ని కాదు.

ముసలాయన పోయిన సంగతి కోరుట్ల ఇంటావిడ చెప్పి పంపింది. పదకొండో దినానికి వెళ్లాను. వాకిట్లో చుట్టాలు వరసలుగా కూర్చున్నారు. గట్టునేలలో గడ్డి పీకేసి మక్కజొన్న వేశారు. అవ్వ బాగా వంగిపోయింది, నన్ను గుర్తుపట్టదనుకున్నాను. దూరం నుంచే గుర్తుపట్టి వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఆడవాళ్ల వరసలో మధ్యన కూర్చోబెట్టింది. విస్తరి తనే వేసి, అన్నం తనే వడ్డించింది. పక్కన కూర్చున్న చుట్టాలావిడతో నన్ను చూపించి చెప్పింది.

"గీమెనే. మీ బావను పట్కపోయిన నాడు ఊళ్లె ఒక్కడు రాకపాయె. గీ బిడ్డ ఒక్కతే నా ఎంబడి ఠాణాకు అచ్చింది. సారు ముందట కూసోని మాట్లాడింది. లేకుంటె అప్పుడే పోవు మనిషి."

ఆ చుట్టాలావిడ నా వైపు తిరిగి తల వంచింది. నేను అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టాను. అవ్వ నా పక్కనే నిలబడి, పప్పు ఇంకొంచెం వేయించుకొమ్మని బలవంతం చేసింది. వేయించుకున్నాను.